ఆ ఒర్రె చచ్చిపోలేదు పిల్లలూ

మీ ఇళ్లల్లో ఫోన్లలో మన ఒర్రె (చిన్న వాగు) గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయే ఒర్రె చచ్చిన ఒర్రె. దాని వెడల్పు పది అడుగులే. అంత మేర సిమెంటు కాలువ కట్టి మిగతా జాగ వాడుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఎట్లాగూ ఆ నీళ్లు సముద్రంలో కలిసి వృథా అవుతున్నాయి." మా ఏడో తరగతి పిల్ల ఒకతి దీన్ని చూపించి "నిజమేనా సార్?" అని అడిగింది. నిజం కాదు. ఒక్కో మాటా తీసి చెప్తాను.

ముందు ఆ "చచ్చిన ఒర్రె" సంగతి. ఏప్రిల్‌లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఒర్రెలోకి దిగి ఇసుక తోడి చూడండి. పైన అరికాళ్లు కాలుతుంటాయి. మోచేతి లోతు వెళ్లేసరికి ఇసుక రంగు మారుతుంది, పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలుస్తుంది. చాలా ఒర్రెల్లో ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట బురదగా ఉంటాయి, రెండు మూడు సార్లు తోడి పోస్తే తేటపడతాయి. అదే చెలిమె. నల్లాలు రాకముందు ఎండాకాలం చెలిమె నీళ్లతోనే గడిపిన ఇళ్లు ఎన్నో, మీ నాయనమ్మను అడగండి. ఇసుక రేణువుల నడుమ దాదాపు మూడో వంతు ఖాళీ ఉంటుంది. వానాకాలం నీళ్లు అందులో దాక్కుంటాయి. మన వరంగల్ నేల కింద చాలా మేర గట్టి గ్రానైటు రాయి. పైనున్న మొరంలో, రాతి పగుళ్లలో తప్ప నీళ్లు నిలవడానికి చోటు లేదు. అలాంటి చోట ఒర్రె అడుగున సిమెంటు పోస్తే ఒడ్డు మీది బావులకు ఊట ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక "పది అడుగులే" అన్న మాట. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. మా బడి ఆవరణలో వడ్లు ఆరబోసే పరదా పరిచి, కింద రాళ్లూ మట్టిపెడ్డలూ పెట్టి గుట్టలు చేశాం. చెంబుతో నీళ్లు చిలకరించాం. అంచున పడ్డ చుక్క కూడా మడతలు వెతుక్కుంటూ నడిమి పల్లంలోకే జారింది. ఎక్కడెక్కడ పడ్డ వాన ఒక ఒర్రెలోకి చేరుతుందో ఆ నేలంతా దాని పరీవాహక ప్రాంతం. గుట్ట, చెలకలు, మన బడి పైకప్పు, అన్నీ అందులోవే. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. ఒర్రె అంటే ఆ పది అడుగులే కాదు, ఈ నేలంతా.

అదే పరదా మీద పక్కన ఇంకో పల్లం చేస్తే రెంటి మధ్య మిట్ట మిగులుతుంది చూడండి, అలాంటి మిట్ట మన ఓరుగల్లు నేల మీదా ఉంది. దానికి ఒక పక్క పడ్డ చినుకు చలివాగు, మానేరు దాటి గోదావరికి పోతుంది. రెండో పక్క పడ్డది ఆకేరు, మున్నేరు మీదుగా కృష్ణకు చేరుతుంది. పిల్లలు దీన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు.

"ఎవరికీ నష్టం లేదు" అన్నారు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే చదరపు మీటరుకు 650 లీటర్లు, మూడు పెద్ద డ్రమ్ములకు పైనే. అదే వానలకు భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కారు. అంత వానకు ఏ వాగైనా పొంగుతుంది. కానీ పక్కన జాగ ఉంటే నీళ్లు పరుచుకుని నిదానంగా పోతాయి. నున్నటి కాలువలో అవే నీళ్లు ఉరుకుతూ పోయి కింది ఊరి మీద పడతాయి. ఆ ఊరి నష్టం మెసేజ్ రాసినవాళ్లు లెక్కెయ్యలేదు.

ఒర్రెలో చెత్త, తుమ్మచెట్లు తీసెయ్యాలని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. అది సరైన మాటే.

చివరగా "వృథా". పాకాల చెరువు కాకతీయుల కాలం నాటిది, కట్టి దాదాపు 800 ఏళ్లు. అందులోకి నీళ్లు తెచ్చేవి చుట్టూ గుట్టలూ అడవీ దాటి దిగే ఒర్రెలే. అది నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు పాకాల వాగై, కిందికి పోయేకొద్దీ మున్నేరవుతాయి. దారి పొడుగునా పొలాలు తడుస్తాయి, బావులు ఊరతాయి. సముద్రం చాలా దూరం.

మన ఒర్రె ఎక్కడ పుడుతుందో వాన లేని ఆదివారం చూసి అందరం నడిచి వెళ్దాం. దారిలో ముళ్లుంటాయి, చెప్పులేసుకుని రండి.