కేస్ షీట్ ఎవరికి కనిపించాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ అడుగడుగునా ఆసుపత్రులే. పక్కనే ల్యాబ్, ఎదురుగా స్కానింగ్ సెంటర్. పల్నాడు నుంచి, ఏలూరు వైపు నుంచి పెద్ద జబ్బు చేస్తే జనం ఇక్కడికే వస్తారు. వాళ్ల కేస్ షీట్లు ఒకప్పుడు రికార్డు రూములో కట్టలు కట్టి ఉండేవి. ఏ ఫైలు కావాలన్నా ఆ రూము చూసుకునే మనిషిని అడగాల్సిందే. ఇప్పుడవి స్కాన్ అయి సర్వర్‌లోకి చేరుతున్నాయి. దాంతో ఒకరిని అడగడమన్నది పోయింది. లాగిన్ ఉన్న ప్రతివాళ్ల జేబులోనూ రికార్డు రూము తాళంచెవి ఉన్నట్టే.

ఈ డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లు కొనేటప్పుడు ధర ఎంత, స్కానింగ్ ఎంత వేగం, ఎన్ని లక్షల పేజీలు పడతాయి అని అడుగుతారు. ఎవరికి ఏది కనిపించాలన్న ప్రశ్న చివరి రోజు వస్తుంది. అప్పుడు కంపెనీ మనిషే రిసెప్షన్, బిల్లింగ్, నర్సింగ్, డాక్టర్, అడ్మిన్ అని గుంపులు చేసి, తనకు తోచినట్టు పర్మిషన్లు పెట్టి వెళ్లిపోతాడు.

గుంపులు చేయడం తప్పేమీ కాదు. మనిషికి విడిగా కాకుండా అతను చేసే ఉద్యోగానికి అనుమతి ఇవ్వాలన్న పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ 1992లో ఒక చక్కటి నమూనాగా రూపొందించారు. సిబ్బంది మారుతూ ఉండే చోట అది చాలా మేలు. కానీ ఆసుపత్రిలో అదొక్కటే సరిపోదు. ‘డాక్టర్’ అన్న గుంపు ఆయన ఏ పని చేస్తాడో చెబుతుంది, ఏ పేషెంటుకు చేస్తున్నాడో చెప్పదు. ఎముకల డాక్టరుకు మూడో అంతస్తులో ఉన్న బాలింత కేస్ షీట్‌తో ఏం పని? తన వార్డులో లేని పొరుగింటి అమ్మాయి రిపోర్టు సిస్టర్ ఎందుకు తెరవాలి? ఉద్యోగంతో పాటు, ఈ పేషెంటు ఇప్పుడు ఈయన చూసే వాళ్లలో ఉన్నారా లేదా అన్నది కూడా సిస్టమ్ చూడాలి. అడ్మిషన్, వార్డు, రిఫరల్ వివరాలు ఎలాగూ కంప్యూటర్లో ఉంటాయి కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. కలపాలన్న పట్టుదల కావాలి, అంతే.

1975లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్జర్, ష్రోడర్ కంప్యూటర్ భద్రత మీద రాసిన పత్రంలో ఒక సూత్రాన్ని అందరూ చెబుతారు: పని పూర్తవడానికి ఎంత అనుమతి కావాలో అంతే ఇవ్వాలి. అదే పత్రంలో ఇంకో సూత్రం ఉంది. రక్షణ ఏర్పాటు వాడేవాళ్లకు తేలిగ్గా ఉండాలి, లేకపోతే వాళ్లు దాన్ని సరిగ్గా వాడరు అని. మన ఆసుపత్రుల్లో దెబ్బ తగిలేది ఈ రెండో దాని దగ్గరే.

అర్ధరాత్రి హైవే మీద ప్రమాదం జరిగి ఒకరిని తెచ్చారనుకోండి. రెండేళ్ల కిందట ఇక్కడే ఆపరేషన్ అయింది. ఏ మందు పడదో పాత కేస్ షీట్‌లో ఉంది. డ్యూటీ సిస్టర్ లాగిన్‌కు అది తెరుచుకోదు. ఆమె ఏం చేస్తుంది? డాక్టరు గారి పాస్‌వర్డ్ కొడుతుంది. ఆ పాస్‌వర్డ్ అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, లేదా మానిటర్ కింద కాగితం మీద. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ప్రాణం పోతుంటే పర్మిషన్ కోసం ఎవరు ఆగుతారు? కానీ ఆ రాత్రి నుంచి సిస్టమ్‌లో నమోదయ్యే ప్రతి పేరూ అనుమానమే. రేపు ఏదైనా రిపోర్టు బయటికి పొక్కితే తెరిచింది ఎవరో తేలదు.

దీనికి మందు ఆంక్ష తీసేయడం కాదు. అత్యవసరంలో తన సొంత లాగిన్‌తోనే, కారణం ఒక్క ముక్క రాసి, ఆ ఒక్క రికార్డును కొన్ని గంటలపాటు తెరిచే దారి ఉండాలి. తెల్లారేసరికి అలా తెరిచిన వాటి జాబితా ఎంఆర్‌డి (మెడికల్ రికార్డుల విభాగం) ఇన్‌చార్జి ముందుండాలి. ఆయన నిజంగా చదవాలి. ఎవరు ఏది తెరిచారో నమోదయ్యే ఈ జాబితానే లాగ్ అంటారు; ఎవరూ చూడని లాగ్ ఉన్నా లేనట్టే.

ఇంకో లోపం కంటికి సులువుగా కనపడదు. ఫైలు తెరుచుకోకపోయినా పేరు కనిపిస్తుంది. స్కాన్ చేసే కుర్రాడు పేషెంటు పేరు పక్కన ‘హెచ్‌ఐవి రిపోర్టు’ అని టైప్ చేసి సేవ్ చేస్తాడు. బిల్లింగ్ కౌంటర్లో ఎవరో ఆ పేరు వెతికితే జాబితాలో ఆ వరుస వస్తుంది. నొక్కితే ‘అనుమతి లేదు’ అంటుంది. తెలియకూడనిది అప్పటికే తెలిసిపోయింది! హెచ్‌ఐవి ఉన్నవాళ్ల వివరాలు కాపాడాలని 2017 చట్టం చెబుతోంది. మానసిక ఆరోగ్య చట్టం కూడా అదే ఏడాది వచ్చి అదే మాట చెప్పింది. గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు బయటపెట్టకూడదని గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ చెప్పింది. అలాంటి రికార్డులు అనుమతి లేనివాళ్లకు వెతుకులాటలోనూ, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాలోనూ అసలు ఉన్నట్టే తెలియకూడదు.

ఉద్యోగం మానేసిన వాళ్ల లాగిన్లు నెలల తరబడి బతికి ఉండటం ఆసుపత్రుల్లోనే కాదు, ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలు వస్తూ పోతూ ఉండే ఆడిటర్ల ఆఫీసుల్లోనూ మామూలే. జీతం ఆగిన రోజే లాగిన్ ఆగాలి.

చట్టం వైపు నుంచి గడువు కూడా దగ్గరపడుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. డేటాను ఎవరు తెరవగలరన్న దానిపై అదుపు, తెరిచిన వాళ్ల నమోదు, ఆ లాగ్‌లు ఏడాదిపాటు దాచడం అందులో ఉన్నాయి. ముఖ్యమైన బాధ్యతలు 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు.

అయితే ఈ భయంతో తలుపులన్నీ పేషెంటు మీదే మూసేస్తారేమోనని నా ఆందోళన. డిశ్చార్జ్ అయిన మనిషి తన కాగితాలు అడిగితే ‘సిస్టమ్‌లో పర్మిషన్ లేదండి, మేనేజర్ గారు రావాలి’ అనే జవాబు ఇప్పటికే వింటున్నాం. రికార్డు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళే చెబుతోంది. పేషెంటు అడిగితే ఇచ్చే అధికారం కౌంటర్‌లోని మనిషికి, సంతకం తీసుకుని, మొదటి రోజు నుంచే ఉండాలి.

కాబట్టి సాఫ్ట్‌వేర్ డెమోకి కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు యాజమాన్యం అడ్మిన్ లాగిన్‌తో చూసి సంతోషపడకూడదు. రిసెప్షన్ లాగిన్‌తో కూర్చుని ఒక హెచ్‌ఐవి రిపోర్టు పేరు వెతకమనండి. నైట్ సిస్టర్ లాగిన్‌తో పాత కేస్ షీట్ తెరవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. ఆ కంపెనీ సపోర్టు మనిషి హైదరాబాద్‌లో కూర్చుని ఏమేం చూడగలడో రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టేది ఆ జవాబులు వచ్చాకే.