అబ్బాయి సీలింగ్ ఎంత?

మనకు తెలిసిన సీలింగులు రెండే. ఒకటి ఫ్యాను వేలాడేది. రెండోది 1973లో చట్టంగా వచ్చి, పొలాలన్నీ బావమరుదుల పేర్ల మీదికి, పాలేర్ల పేర్ల మీదికి మారేలా చేసింది. ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌లో, అంటే అక్కడి జిల్లా జట్ల ఆటలో, మూడోది ఉంది. కుర్రాడు ఇవాళ ఎలా ఆడుతున్నాడన్నది పక్కన పెట్టి, ఎప్పటికైనా ఎంత ఎత్తుకు ఎదగగలడో లెక్కగడతారు. దాన్ని సీలింగ్ అంటారు. వికెట్లు స్కోరుకార్డులో అందరికీ కనిపిస్తాయి. సీలింగ్ మాత్రం సెలెక్టర్లకే కనిపిస్తుంది, పూనకం వచ్చినవాడికి అమ్మవారు కనిపించినట్టు.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కారణం కొంత సొంతది, తర్వాత చెబుతాను.

2024 సెప్టెంబరులో ఓవల్ మైదానంలో శ్రీలంక మీద జోష్ హల్‌ను టెస్టు ఆడించారు. లెస్టర్‌షైర్ ఎడమచేతి పేసరు, వయసు 20, ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. ఎంపికయ్యేనాటికి ఆ ఏడాది కౌంటీ ఛాంపియన్‌షిప్ రెండో డివిజన్‌లో అతను తీసిన వికెట్లు 2, సగటు 182.50. బ్రాడ్‌మన్ సగటే 99.94 దగ్గర ఆగిపోయింది కదా, ఈ కుర్రాడెవడో అసాధ్యుడని మురిసిపోకండి. ఇది బౌలింగ్ సగటు, అంటే ఒక్కో వికెట్‌కు సమర్పించుకున్న పరుగులు. పాపం, పిల్లాడి తప్పేం లేదు. బిడ్డ పొడుగ్గా పుట్టాడు, దేశం ముచ్చటపడింది.

అసలు ఈ తతంగమంతా నాకు పెళ్లిచూపుల్లా కనిపిస్తుంది. కౌంటీ వారు కారు దిగారు. కాళ్లకు నీళ్లిచ్చారు. ప్లేట్లలో మైసూర్‌పాక్, జంతికలు.

"అబ్బాయి ఎత్తెంత?"

"ఆరూ అయిదండీ."

"ఇంకా ఎదుగుతాడా?"

"మేనమామ ఆరూ ఏడండీ, మేనమామ పోలికే."

"శుభం. చదువు?"

"పబ్లిక్ స్కూలండీ. స్కూలుకే మూడు గ్రౌండ్లు."

(అక్కడ పబ్లిక్ స్కూలంటే పబ్లిక్ చేరలేని స్కూలు.)

"తండ్రిగారు?"

"ఇంగ్లండ్‌కి ఆడారండీ."

అందరూ లేచి నిలబడ్డారు. తాంబూలాల పళ్లెం వచ్చింది. ఎవరో చాదస్తపు పెద్దాయన మూలనుంచి అడిగాడు: "వికెట్లేమైనా తీశాడా?" మధ్యవర్తి నవ్వి ఊరుకోబెట్టాడు. "అవి పెళ్లయ్యాక అవే వస్తాయి బాబాయ్."

అదే వీధిలో ఇంకో సంబంధం ఉంది. ఎత్తు అయిదూ ఏడు, గవర్నమెంటు స్కూలు, తండ్రి టాక్సీ నడుపుతాడు, కుర్రాడు కిందటి సీజన్ లీగులో వెయ్యి పరుగులు కొట్టాడు. మైసూర్‌పాక్ తిని, జాతకం తీసుకుని, "కబురు చేస్తాం" అని కారెక్కారు. ఈ మాటకు అర్థం తెలియని తెలుగువాడు ఉండడు.

కొడుకుల్లో ఆడగలిగినవాళ్లు లేరని కాదు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మైకేల్ వాన్ కొడుకు ఆర్చీ 2024లో సోమర్‌సెట్ తరఫున ఒక్క మ్యాచ్‌లో సర్రే మీద 11 వికెట్లు తీశాడు. ఒప్పుకుంటున్నాను. నా గొడవ కబురు రానివాళ్ల గురించి.

స్పిన్నర్ షోయబ్ బషీర్‌నే చూడండి. సర్రే వాళ్ల చిన్నవయసు జట్లలో పెరిగిన కుర్రాడు. అక్కర్లేదని పంపించేశారు. 2023లో సోమర్‌సెట్ తరఫున ఒక మ్యాచ్‌లో అలస్టేర్ కుక్‌కు బౌలింగ్ చేస్తున్న చిన్న వీడియో ట్విట్టర్‌లో అప్పటి ఇంగ్లండ్ టెస్టు కెప్టెన్ బెన్ స్టోక్స్ కంటపడింది. అంతే, సీలింగ్ దర్శనమైంది! మొత్తం 6 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 10 వికెట్లతో ఇండియాకు తెచ్చేశారు. వీసా ఆలస్యమై హైదరాబాద్ టెస్టు పోయింది. 2024 ఫిబ్రవరి 2న మన విశాఖలో తొలి టెస్టు ఆడి, తొలి వికెట్‌గా రోహిత్ శర్మను పట్టాడు. 3 టెస్టుల్లో 17 వికెట్లు. అంటే వాళ్ల సిద్ధాంతం పనిచేసింది. నా ఏడుపల్లా అదే, ఈ వీడియో ఎవరి ఫోన్‌లోనూ పడకపోతే ఏమయ్యేవాడు?

ఏమయ్యేవాడో సోమర్‌సెట్ చూపించింది. అక్కడ అప్పటికే ఇంకో స్పిన్నర్ జాక్ లీచ్ ఉన్నాడు, ఖాళీ లేదు. కాబట్టి దేశానికి అప్పటి ఒకటో నంబరు స్పిన్నరు సొంత కౌంటీలో బెంచీ మీద. 2024లో అతన్ని వూస్టర్‌షైర్‌కు చేబదులిచ్చారు. మరుసటి ఏడాది గ్లమోర్గన్‌కు. పక్కింటికి ఇడ్లీ పాత్ర ఇచ్చినట్టు. వూస్టర్‌షైర్‌లో ఉండగా డాన్ లారెన్స్ ఒకే ఓవర్లో 38 పరుగులు పిండుకున్నాడు. లారెన్స్ ఏ జట్టు? సర్రే! అదే బషీర్ 2025 జూలైలో లార్డ్స్‌లో వేలు విరిగి కూడా చివరి బంతి వేస్తే, మన సిరాజ్ డిఫెన్స్ ఆడిన బంతి దొర్లుకుంటూ పోయి బెయిల్ పడేసింది. ఆ సాయంత్రం నేను టీవీ ఆపి అన్నం మానేశాను, అది వేరే సంగతి.

ఇక నవ్వలేను. ఇంగ్లండ్ బోర్డే వేసిన కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. అందులోని లెక్కలివి. క్లబ్బుల్లో, పార్కుల్లో సరదాకు క్రికెట్ ఆడే పెద్దవాళ్లలో నాలుగో వంతుకు పైగా దక్షిణాసియా కుటుంబాలవాళ్లే. జీతానికి ఆడే మగవాళ్లలో వాళ్లు 5 శాతం. 2021లో ఇంగ్లండ్ పురుషుల జట్టుకు ఆడినవాళ్లలో 58 శాతం ప్రైవేటు స్కూళ్లవాళ్లు. దేశంలో ఆ స్కూళ్లలో చదివింది 7 శాతం. ఇది కన్ను పొరపాటా? దక్షిణాసియావాళ్లు ఎక్కువగా ఉండే బ్రాడ్‌ఫర్డ్‌లో, లూటన్‌లో వాన పడ్డ మ్యాటింగ్ మీద సొంత డబ్బుతో కొన్న ప్యాడ్లు కట్టుకుని ఆడే పిల్లల్ని చూడటానికి వీళ్లకి పెట్రోలు ఖర్చవుతుందా? ఇలా కౌంటీలు కాదన్న కుర్రాళ్లనే పోగుచేసి సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ శిక్షణ ఇస్తే, కశీఫ్ అలీని 2022లో వూస్టర్‌షైర్ తీసుకుంది. తర్వాత ఇంకా చాలామందిని వేరే కౌంటీలు తీసుకున్నాయి. ఆ పిల్లలు అంతకుముందూ అక్కడే ఉన్నారు కదయ్యా! పుజారా అంతటివాడు డబ్బు తీసుకుని ఆడటానికి యార్క్‌షైర్ వెళితే, నోరు తిరగడం లేదని "స్టీవ్" అన్నారు. మన గాదె హనుమ విహారి వార్విక్‌షైర్‌కు ఆడాడు కాబట్టి బతికిపోయాడు.

సొంత కారణం చెబుతానన్నాను. మా చెల్లెలి కొడుకు అక్కడే పుట్టాడు, పదమూడేళ్లు. పోయిన శీతాకాలం ఒక కౌంటీ చిన్నవయసు జట్టు ట్రయల్‌కు వెళ్లాడు. నెట్‌లో పన్నెండు బంతులు. రెండు కవర్‌డ్రైవులు కొట్టాడని బావగారు వీడియో పంపారు. కోచ్ ఆ పిల్లాడి కేసి ఒకసారి చూసి, బావగారి కేసి తిరిగి "మీ ఎత్తెంత?" అని అడిగాడట. అయిదూ అయిదు. "వాళ్లమ్మది?" ఈయన మొహమాటపడి ఓ అంగుళం కలిపి చెప్పారు. కోచ్ ఏదో రాసుకుని, మెయిల్ చేస్తామన్నాడు.

మెయిల్ రాలేదు. చెల్లెలు ఇప్పుడు వాడికి రోజూ రెండు గుడ్లు, పెద్ద గ్లాసు పాలు ఇచ్చి, తలుపు మీద బిగించిన రాడ్‌కు పావుగంట వేలాడదీస్తోంది. నిన్న వీడియో కాల్‌లో వాడు అక్కణ్నుంచే పలకరించాడు. ముఖం ఎర్రబడింది, కాళ్లు గాల్లో ఊగుతున్నాయి.

"బ్యాట్ పట్టుకుని ఎన్నాళ్లయిందిరా?"

"మూడు వారాలు మామయ్యా. కానీ అర సెంటీమీటరు పెరిగాను."