సవరణ: మూడు జతల ఓమ్స్ సమానంగా ఉంటే వైండింగ్ బాగున్నట్టు కాదు

బ్రష్‌లెస్ మోటార్ మూడు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టి, మూడు జతల్లోనూ ఒకే రీడింగ్ వస్తే వైండింగ్ (లోపలి తీగ చుట్లు) బాగున్నట్టేనని ఇంతకుముందు రాశాం. అది తప్పు. దాన్ని నమ్మి కాలిన మోటార్‌ను మళ్లీ బిగిస్తే ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే బోర్డు) కూడా పోవచ్చు, అందుకే ఈ సవరణ.

ఈ మోటార్లలో చాలావాటికి వైండింగ్ రెసిస్టెన్స్ 0.1 ఓమ్ కూడా ఉండదు. మీటర్ వైర్లకే 0.2 నుంచి 0.5 ఓమ్ ఉంటుంది. కాబట్టి తెగిన వైరు దొరుకుతుంది కానీ, లోపల చుట్లు షార్ట్ అయితే తెలియదు.

ఇలా చూడండి. ఈఎస్‌సీ నుంచి మూడు వైర్లూ విప్పి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి షాఫ్ట్ తిప్పండి. అయస్కాంతాల వల్ల టకటకమని ఆగి ఆగి కదలడం మామూలే. అలా కాకుండా తేనెలో తిప్పినట్టు బరువుగా, వేగం పెంచేకొద్దీ ఇంకా బిగుసుకుంటే చుట్లు షార్ట్ అయినట్టే; బేరింగ్ పాడైతే గరగరమంటుంది.

అనుమానం తీరకపోతే డ్రిల్‌తో స్థిరమైన వేగంలో తిప్పి ఏసీ వోల్టులు కొలవండి. మూడు జతలూ దాదాపు సమానంగా రావాలి. ఒక్క హెచ్చరిక: అయస్కాంతాలన్నీ వేడికి బలహీనపడితే మూడూ సమానంగానే తగ్గుతాయి.