ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గారికి, భీమవరం వైపు నుంచి ఒక లెక్చరర్ రాయునది

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గారూ,

ఆయ్, బాగున్నారాండీ. పాఠం ఇంటి దగ్గరే వినొచ్చి, క్లాసులో లెక్కలూ చర్చలూ చేసుకునే పద్ధతి కదండీ తమరంటే. తమరు మా కాలేజీకి విచ్చేశారని గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, బ్రోచర్‌లో రంగుల ఫొటో వేశారు, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు తమరి పేరు మీద విడిగా ఒక ఫైలు కూడా చూపించారు. క్లాసులోకి అడుగుపెట్టినట్టు మాత్రం నాకెక్కడా కనపళ్ళేదు, అందుకే రాయాల్సొచ్చింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసండి. అమెరికాలో కొలరాడోలో ఒక హైస్కూల్లో బెర్గ్‌మన్, శామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ మేష్టార్లు, పిల్లలు ఆటలకనీ పోటీలకనీ పోయి పాఠాలు మిస్సవుతున్నారని 2007లో రికార్డు చేసివ్వడం మొదలెట్టారు. అక్కడితో ఆగుంటే అది ఉత్త వీడియో. పాఠం ఎలాగూ ఇంటి దగ్గరే వినేస్తున్నారు కదా, మరి క్లాసులో ఆ గంట ఏం చేద్దాం అని ఆలోచించారు చూడండి, తమరు పుట్టింది అక్కడ. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ గారైతే అంతకన్నా ముందే, 1990ల్లోనే, యూట్యూబ్ లేని రోజుల్లో, ముందు చదువుకుని రమ్మని, క్లాసులో ఒక ప్రశ్న వేసి, పక్కవాడితో వాదించుకోండని వదిలేసేవారు. అంటే వీడియో లేకపోయినా తమరు బతుకుతారు, ఆ వాదులాట లేకపోతేనే కష్టం.

మరి మా దగ్గరేం చేశామంటారా. నలభై నిమిషాల వీడియో లింకు రాత్రి పది గంటలకి వాట్సాప్ గ్రూపులో పడేస్తాం, పిల్లలు థంబ్సప్ పెట్టేస్తారు. సఖినేటిపల్లిలో గోదావరి దాటే పంటు ఎక్కి నరసాపురం వచ్చి అక్కణ్ణించి బస్సు పట్టుకునే పిల్ల ఒకత్తి మాత్రం, పంటు మీద నిలబడే మొత్తం చూసి, నోట్సు కూడా రాసుకుని వచ్చింది. తెల్లారి క్లాసులో సార్ అడిగారు, ఎంతమంది చూశార్రా అని. సగం మంది చూడలేదు. సరే అయితే అని సార్ బోర్డు తుడిచి అదే పాఠం మొదట్నుంచీ చెప్పారు. చూసొచ్చిన పిల్లకి రెండోసారి వినడం శిక్ష, చూడనోళ్ళకి ఏ నష్టమూ లేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల కూడా చూడ్డం మానేసింది, తెలివైనది కాబట్టి. మూడు ముక్కల చిన్న వీడియో చేసి, ఆఖర్న నాలుగు ప్రశ్నలు పెట్టి, రాగానే ఆ ప్రశ్నల మీదే క్లాసు మొదలెడితే ఈ గొడవే ఉండదు, కానీ అప్పుడు సార్ ముందురోజు రాత్రి కూర్చోవాలి కదండీ, దానికెవరు సిద్ధం.

ఇంక తమరి అన్నగారు ఆన్‌లైన్ కోర్సు గారి వైభవం చెప్పక్కర్లేదు. ఐఐటీ ప్రొఫెసర్లు వీడియోల్లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్ 2003 నుంచీ ఉంది, ఆన్‌లైన్ కోర్సుల కోసం కేంద్రం వారి స్వయం పోర్టల్ 2017లో వచ్చింది, సెమిస్టర్లో ఒక ప్రోగ్రాముకి 40 శాతం దాకా కోర్సులు ఆన్‌లైన్లో చేసుకోవచ్చని యూజీసీ 2021లో రూలు కూడా మార్చింది. మంచి పాఠాలండి, నేనే కూర్చుని వింటాను. మావాళ్ళు మాత్రం వీడియో తెరవకుండానే అసైన్‌మెంట్ పూర్తిచేస్తారు, గడువు రాత్రి గ్రూపులో జవాబుల ఫొటో తిరుగుతుంది, ఒకడు తప్పు పెడితే క్లాసంతా అదే తప్పు. అసైన్‌మెంట్లకి 25 మార్కులే, మిగతా 75 సెంటర్‌కెళ్ళి రాసే పరీక్షకి, అక్కడ గ్రూపుండదని హాల్లోకెళ్ళాక గుర్తొస్తుంది. మేనేజ్‌మెంట్ అడిగేది ఎంతమంది రిజిస్టరయ్యారనే, ఎంతమంది నేర్చుకున్నారని ఎవరూ అడగరు.

దవళేశ్వరం కాడ లాకులెత్తినంత మాత్రాన శివారు పొలానికి నీళ్ళొస్తాయాండీ, పంటబోదె తవ్వాలి కదా. మావాళ్ళు లాకుల ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేశారు.

తమరి గురించి మాకు ట్రైనింగ్ కూడా ఇప్పించారు లెండి, ఏసీ హాల్లో పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకాయన స్లైడ్లు చదివారు, మేం విన్నాం, సర్టిఫికెట్లిచ్చారు. మధ్యాహ్నం భోజనం బావుంది, అబద్ధం ఆడకూడదు.

ఇదంతా చదివి తమరికి జాలేసి నిజంగానే వద్దామనుకుంటే, వచ్చే గురువారం మూడో అవర్ నాదే, రండి. నలుగురేసి పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి లెక్కలు చేయిద్దాం. ఒక్కటే ఇబ్బంది, మా రూములో బెంచీలన్నీ బోర్డు వైపు తిప్పి నేలకి బోల్టులు బిగించేశారు. వచ్చేటప్పుడు ఒక స్పానర్ పట్రండి.

ఇట్లు,
తమరి పేరు మీద ప్రతి నెలా రిపోర్టు రాస్తున్న లెక్చరర్