సర్టిఫికెట్ మాది, డ్రాయింగ్ మీది

మొన్న పొద్దున ఒక మెయిల్ వచ్చింది. ఐఎస్ఓ 14001, అంటే పర్యావరణ నిర్వహణ స్టాండర్డ్, సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది, కొత్తది అప్‌లోడ్ చేయకపోతే కొత్త ఆర్డర్లు ఉండవు అని. పంపింది ఏళ్ల తరబడి మా దగ్గర పార్టులు కొంటున్న కస్టమర్. మధ్యాహ్నం అదే కంపెనీ నుంచి ఇంకోటి: ప్లేటింగ్ మార్చడానికి ఒప్పుకోం, డ్రాయింగ్‌లో ఉన్నట్టే చేయండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆ డ్రాయింగ్‌లో ఉన్నది జింక్ ప్లేటింగ్ మీద పసుపు పాసివేషన్, అంటే జింక్‌ను కాపాడే పైపూత. అందులో ఉండేది హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెచ్చే రకం. కార్లలో తుప్పు పట్టకుండా వేసే ఈ పూతను యూరప్ 2007 జులై నుంచే ఆపేసింది. దానికి బదులు ట్రైవాలెంట్ క్రోమియం ఉంది, బాగానే పనిచేస్తుంది. మేం శాంపిళ్లు చేసి, సాల్ట్ స్ప్రే (ఉప్పునీటి జల్లుతో తుప్పు పరీక్ష) రిపోర్టులతో సహా పంపాం. వచ్చిన జవాబు ఇదీ: "పీపాప్ మళ్లీ చేయాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" పీపాప్ అంటే పార్టులో మార్పు చేస్తే కస్టమర్ దగ్గర మళ్లీ తీసుకోవాల్సిన ఆమోదం.

పర్యావరణ సర్టిఫికెట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు లెండి. మొదట స్టేజ్ 1, స్టేజ్ 2 అని రెండు ఆడిట్లు, తర్వాత ఏటా సర్వైలెన్స్ ఆడిట్, మూడేళ్లకోసారి మళ్లీ మొదటి నుంచి. మాలాంటి చిన్న యూనిట్‌లో క్వాలిటీ, సేఫ్టీ, పర్యావరణం అన్నీ చూసేది ఒక్కడే. డిస్పాచ్ లేటయితే లారీ దగ్గర ఉండేదీ వాడే. వాడు నేనే.

సప్లయర్ల మీద ఈ షరతు కొత్తదేం కాదు. స్టాండర్డ్ 1996లో వచ్చింది. మూడేళ్లకే, 1999లో, ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ సప్లయర్లంతా దీన్ని తెచ్చుకోవాలని గడువులు ప్రకటించాయి. మిగతావాళ్లు అదే దారి పట్టారు.

నేను స్టాండర్డ్‌ను తిట్టడం లేదు. మొదటిసారి దీన్ని అమలు చేసినప్పుడు ప్లేటింగ్ లైన్‌కు నీటి మీటరే లేదని బయటపడింది. మీటర్ పెట్టాక కళ్లు తిరిగాయి. పార్టులు కడిగే రిన్స్ ట్యాంకుల్లో నీళ్లు ఎదురు దిశలో పారేలా మార్చాం, వాడకం బాగా తగ్గింది, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) మీద భారమూ తగ్గింది. ఎవరూ వెంటపడకపోతే అది చేసేవాళ్లం కాదు, ఒప్పుకుంటాను. అదే ఏడాది కన్సల్టెంట్ ఇచ్చిన యాస్పెక్ట్ రిజిస్టర్‌లో, అంటే మా పనులు పర్యావరణం మీద చూపే ప్రభావాల జాబితాలో, బాయిలర్ పొగ గురించి మూడు పేజీలుంది. మా దగ్గర బాయిలరే లేదు.

నాకు మండేది వేరే చోట. స్టాండర్డ్ 2015 ఎడిషన్ లైఫ్ సైకిల్ దృష్టితో, అంటే ముడిసరుకు నుంచి పారేసేదాకా, చూడమంటుంది. డిజైన్ దశలోనే పర్యావరణ అవసరాలు పట్టించుకోవాలని 8.1 క్లాజ్‌లో ఉంది. మరి ఆ డిజైన్ చేసేదెవరు? ఏ లోహం, ఏ పూత, ఎంత మందం, ఒక్కో పార్టుకు ఎన్ని పొరల ప్లాస్టిక్ చుట్టాలి, అన్నీ డ్రాయింగ్‌లోనే రాసొస్తాయి. ఆ కస్టమర్ కూడా 14001 సర్టిఫికెట్ ఉన్న కంపెనీయే మరి! పార్టు తయారీలో పుట్టే స్లడ్జ్ (వ్యర్థ బురద) మా రిజిస్టర్‌లో పడుతుంది, నిర్ణయం మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది.

పైగా వాళ్ల పోర్టల్ చూసేది రెండే: పీడీఎఫ్, గడువు తేదీ. స్కోప్, అంటే సర్టిఫికెట్ ఏయే పనులకు వర్తిస్తుందో, ఎవరూ చదవరు. ప్లేటింగ్ బయట చేయించుకుని, సర్టిఫికెట్‌లో "మెషినింగ్, అసెంబ్లీ" అని మాత్రమే రాయించుకున్న వాళ్లకూ ఆకుపచ్చ టిక్కే. లోపలే ప్లేటింగ్ చేసి, స్లడ్జ్‌కు లెక్క చెప్పే మాకూ అదే టిక్. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు అక్రెడిటేషన్ (ఆడిట్ చేసే అర్హతకు అధికారిక గుర్తింపు) ఉందో లేదో కూడా అడగరు. చాలామంది పర్చేజ్ వాళ్లు ఐఎస్ఓనే సర్టిఫికెట్ ఇస్తుందనుకుంటారు. ఐఎస్ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, స్టాండర్డ్ రాస్తుంది, అంతే.

కస్టమర్లూ, సప్లయర్‌ను కాగితం అడిగే ముందు మీ డ్రాయింగులు తీసి, ఏ పూతలు అవసరమో, ఏవి పాత అలవాటుతో మిగిలిపోయాయో చూడండి. మార్పు మేం అడిగితే దాన్ని పరీక్షించి ఆమోదించే వ్యాలిడేషన్ ఖర్చులో సగమైనా పెట్టుకోండి. మీ రేటు కాంట్రాక్ట్‌లో సర్టిఫికేషన్‌కు ఒక లైన్ చేర్చండి.

వచ్చే నెల ఆడిటర్ వస్తారు. పసుపు ట్యాంకు దగ్గర నిలబడి, దీన్ని తగ్గించడానికి మీ లక్ష్యమేంటి అని అడుగుతారు, ప్రతిసారీ అడిగేదే. కస్టమర్ మధ్యాహ్నం పంపిన మెయిల్ ప్రింటు తీసి ఫైల్‌లో పెట్టాను.