నగరంలో బండి సరదా అంతా నలభై లోపే

షోరూములో టెస్ట్ రైడ్ అడిగితే, వెనక ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి పక్క వీధిలో ఒక చుట్టు తిప్పి తెమ్మంటారు. ఉదయం పదకొండు గంటలకు ఆ వీధిలో కొబ్బరిబోండాల బండి, నీడన పడుకున్న రెండు కుక్కలు తప్ప ఏమీ ఉండవు. అలాంటి చోట చెడ్డ బండి అంటూ ఉండదు. మూడో గేరు పడేసరికి మనసు తేలిపోతుంది, తిరిగి వచ్చి అడ్వాన్సు కట్టేస్తాం. అదే బండి మీద సాయంత్రం ఆరున్నరకు హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి బయలుదేరిన రోజున గానీ కొన్నదేమిటో తెలియదు.

నాకు ఇలాగే తెలిసింది. పదేళ్ల కిందట కొన్న బండి చూడటానికి ముచ్చటగా ఉండేది, బ్రోచర్లో అంకెలూ ఘనంగానే ఉండేవి. కానీ ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే తప్ప దానికి నిద్ర వదిలేది కాదు, మన రోడ్లు దాటనిచ్చేవి కావు. హాఫ్ క్లచ్ మీద పాకించి పాకించి ఎడమ మణికట్టు వాచేది. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వేడికి కాలు పక్కకు చాపుకుని నిలబడేవాణ్ణి. ఎనిమిది నెలలకు అమ్మేశాను. కొన్నతను ఊరి బయట ఉంటాడు, రోజూ హైవే మీద తిరుగుతాడు. అతనికి అది బంగారంలాంటి బండి అయింది.

మన ఇళ్లలో బండి కొనేముందు రెండే ప్రశ్నలు వినబడతాయి. పెద్దవాళ్లది "ఎంత ఇస్తుంది?" కుర్రాళ్లది "ఎన్ని సీసీ?" మొదటిదాన్ని నేను ఎగతాళి చేయను. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక మధ్యతరగతి జీతానికి ఆ ప్రశ్నే సరిపోయింది, ఇప్పటికీ చాలామందికి సరిపోతుంది. రెండోదే కాస్త చిక్కు. సీసీ అంటే ఇంజిన్ పరిమాణం మాత్రమే. నగరంలో మనం గడిపే సమయమంతా దాదాపు గంటకు సున్నాకూ నలభై కిలోమీటర్లకూ మధ్యనే. ఆ మధ్యలో బండి ఎలా నడుస్తుందో సీసీ ఒక్కటే చెప్పదు. పోనీ పైవేగం ఎక్కడైనా పనికొస్తుందా అంటే, హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. నూట ముప్పై దాటే బండి కొని మెహదీపట్నంలో బస్సు వెనక నిలబడటానికి అదనంగా డబ్బు కడుతున్నామన్నమాట.

సీసీని వదిలేసి బ్రోచర్లో ఇంకో వరుస చూడండి: టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎంత, అది ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. బావిలో నీళ్లు తోడే ఇద్దరిని ఊహించుకోండి. ఒకడు పెద్ద బొక్కెనతో నిదానంగా తోడతాడు, మరొకడు చిన్న చెంబుతో గబగబా తోడతాడు. నిమిషం గడిచేసరికి తొట్టెలో నీళ్లు ఇద్దరివీ సమానం కావచ్చు. బొక్కెన పరిమాణం టార్క్, తోడే వేగం ఆర్‌పీఎం, తొట్టెలో నీళ్లు హార్స్‌పవర్. చిక్కేమిటంటే, ట్రాఫిక్ చెంబువాణ్ణి గబగబా తోడనివ్వదు.

యమహా ఎంటీ-15, టీవీఎస్ రోనిన్ పక్కపక్కన పెడితే ఇది కళ్లకు కడుతుంది. మొదటిది 155 సీసీ, 18.4 హార్స్‌పవర్. రెండోది 225 సీసీ, 20.4. హార్స్‌పవర్‌లో పెద్ద తేడా ఏమీ కనిపించదు. కానీ ఎంటీ-15 టార్క్ 14.1 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత), అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. రోనిన్‌ది దాదాపు 20 ఎన్‌ఎం, 3,750 దగ్గరే. అంటే సిగ్నల్ పచ్చబడగానే, ఇంకా ఇంజిన్ అరవక ముందే రోనిన్ లాగేస్తుంది. గేరు తగ్గించడం మరిచిపోయినా మూలుగుతూ తిట్టుకోదు. ఎంటీ-15ను తక్కువ చేయడం లేదు. అది 141 కిలోలే, సందుల్లో పాములా దూరిపోతుంది, పైకి లాగితే ఇంజిన్ పాడే పాటకు చేతులు ఆగవు. కానీ ఆ పాట వినాలంటే రోడ్డు ఖాళీ కావాలి. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద తిరిగేవారి సంగతి వేరు.

టార్క్ తర్వాత బరువు. ఇక్కడ రాయల్ ఎన్‌ఫీల్డ్ కథ ఒకటి చెప్పుకోదగ్గది. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. 2022లో అదే 349 సీసీ ఇంజిన్‌తో హంటర్ 350 తెచ్చారు. బరువు 181కి దిగింది, చక్రాలు 17 అంగుళాలకు తగ్గాయి, చక్రాల మధ్య దూరం కాస్త కుదించారు. ఇంజిన్ అదే అయినా క్లాసిక్ ఏనుగు నడక నడిస్తే, హంటర్ యూటర్న్ దగ్గర చెప్పినమాట వింటుంది. మొదట్లో వెనక సస్పెన్షన్ గట్టిగా ఉండి ప్రతి గుంతా నడుముకు లెక్క చెప్పేది. 2025లో దాన్ని మార్చి, క్లచ్ కూడా తేలిక చేశారు. బుల్లెట్‌కు పేరుపడ్డ కంపెనీయే ఊళ్లో తిరిగేవాడి ఎడమచేతి గురించి ఆలోచించడం మొదలుపెట్టిందంటే, నా వాదనకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయినా 181 కిలోలు 181 కిలోలే. నడిచేటప్పుడు బరువు తెలియదు, ఆగినప్పుడే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు కార్ల మధ్య ఇరికించిన బండిని వెనక్కి లాగి, తిప్పి, ర్యాంపు ఎక్కించే పని రోజూ ఉంటుంది. కొనేముందు అక్కడే ఒకసారి ప్రయత్నించగలిగితే సగం సందేహాలు తీరతాయి. సీటు ఎత్తు సంగతీ అంతే. స్ప్లెండర్ 785 మిల్లీమీటర్లు, హంటర్ 790, ఎంటీ-15 మాత్రం 810. ఈ పాతిక మిల్లీమీటర్లు కాగితం మీద ఏమీ కావు. అయిదున్నర అడుగులు కూడా లేని నాలాంటివాడికి, వానలో వాలుగా ఉన్న రోడ్డు మీద ఆగినప్పుడు రెండు పాదాలూ పూర్తిగా ఆనడానికీ మునివేళ్లే ఆనడానికీ మధ్య తేడా అదే.

1996లోనే ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 పేరెత్తితే ఇప్పటికీ కొందరి కళ్లు చెమ్మగిల్లుతాయి. అది 98 సీసీ టూస్ట్రోక్, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల చుట్టుపక్కల. పొగ, శబ్దం, అంతంతమాత్రపు బ్రేకులు అన్నీ మరిచిపోయి ఆ తేలికనే గుర్తుపెట్టుకున్నారు జనం. ఇవాళ్టి టీవీఎస్ రైడర్ 125 కూడా 11 హార్స్‌పవర్ పైచిలుకే, బరువు 123 కిలోలు. దానికోసం మాత్రం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. జ్ఞాపకానికి మైలేజీ ఎక్కువ.

ఇంత చెప్పాక స్కూటర్ కొంటే పోలేదా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. క్లచ్ లేదు, గేర్లు లేవు, కాళ్ల దగ్గర బియ్యం సంచి పెట్టుకోవచ్చు. కేవలం సౌకర్యమే కావాలంటే నేను వాదించను. అయితే యాక్టివా వెనక చక్రం పది అంగుళాలు, స్ప్లెండర్‌ది పద్దెనిమిది. జీహెచ్‌ఎంసీ తవ్వి పూడ్చని గుంతలో ఏది దిగబడుతుందో, ఏది దాటిపోతుందో చెప్పనక్కర్లేదు. పైగా రెండో గేరులోంచి మూడోదానికి సరిగ్గా సమయానికి పడినప్పుడు వచ్చే చిన్న సంతోషం ఒకటుంది. అది అక్కర్లేనివారు ఈ వ్యాసం ఇంతవరకు చదివి ఉండరు. గేర్లు లేని విద్యుత్ మోటార్‌సైకిళ్లు కూడా వచ్చాయి. మోటారుకు సున్నా దగ్గరే పూర్తి టార్క్ ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర వాటికి ఎదురులేదు. సెల్లార్లో ప్లగ్ పెట్టనిచ్చే అపార్ట్‌మెంట్ సంఘం ఉన్న అదృష్టవంతులు తప్పక చూడాలి.

బ్రేకుల విషయంలో బేరం వద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. అంతకు మించని వాటికి రెండు చక్రాల బ్రేకులనూ కలిపి పనిచేయించే సీబీఎస్ ఉంటే చాలన్నారు. అందుకే 125 సీసీలో కొనేవాళ్లు ఏబీఎస్ ఉన్న రకం దొరుకుతుందేమో అడిగి తీసుకోవాలి. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో అది ఉంది. తొలకరికి రోడ్డు మీద నూనె తేలినప్పుడు ఆ అదనపు ఖర్చు గుర్తుకు రాదు. ఇక ధర అంటారా, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, ఆపైన 40కి ఎక్కింది. 398 సీసీ ట్రయంఫ్ స్పీడ్ 400 మీద మనసుపడ్డవారికి ఇది చేదు కబురు. ఊళ్లో తిరగడానికి బండి వెతికేవారికి పన్నుల శాఖ కూడా నా వైపే ఉన్నట్టుంది.

నన్నే ఎంచమంటే, మొదటిసారి కొనేవారికి, ఒంటరిగా ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి 125 నుంచి 160 సీసీ మధ్య, 145 కిలోలు మించనిది చూడమంటాను. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీలో యాక్సిలరేటర్ తిప్పకపోయినా చిన్న గేర్లలో బండి దానంతటదే మెల్లగా పాకే ఏర్పాటు ఉంది. వినడానికి చిన్న విషయం, పంజాగుట్టలో పెద్ద వరం. నిదానంగా, దర్జాగా పోవాలనుకునేవారికి రోనిన్, ఆ తర్వాత హంటర్.

చివరి తీర్పు మాత్రం నాది కాదు. మన బండ్లు ఒక్కరివి కావు, వెనక భార్యో అమ్మో కూర్చుంటారు, చాలాసార్లు చీరతో, ఒక పక్కకు. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకునే మెట్లు, బట్టలు చక్రంలో చుట్టుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే కవచం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది చెబుతోంది. కొత్త బండి అందం చెడుతుందని ముందుగా పీకించేది ఆ శారీ గార్డునే. తోక పైకెత్తిన స్పోర్ట్స్ సీటు మీద అమ్మను ఎక్కించి చూడండి, మలుపు మలుపుకూ మీ భుజం పిండేస్తారు. అందుకే టెస్ట్ రైడ్‌కు వెళ్లేటప్పుడు షోరూము కుర్రవాడి బదులు ఆవిడను వెనక కూర్చోబెట్టుకోండి. సాయంత్రం ఆరు దాటాకే వెళ్లండి. రెండు సిగ్నళ్లు దాటేలోపు ఆవిడ "నేను దిగి ఆటోలో వస్తాను" అంటే, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని పక్క షోరూముకు నడవండి.