'విండోస్ కంపాటిబుల్' స్టిక్కరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టిక్కరు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. స్కానర్ అట్టపెట్టె మీద, ధర చీటీకి కాస్త పైన, తమరు రంగైనా వెలవకుండా వెలిగిపోతున్నారు. పెట్టెలో అద్దం క్షేమం, లైటు క్షేమం, మోటారూ బెల్టూ క్షేమం. కంప్యూటరూ క్షేమమే, ఈమధ్యే విండోస్ 11 ఎక్కింది. ఇంత క్షేమంగా ఉన్న ఇద్దరికీ మాటలు మాత్రం లేవు. హామీ ఇచ్చింది తమరు కాబట్టి ఉత్తరం తమరికే.

తమరు చెప్పేది ఒక్క ముక్క: విండోస్‌తో పనిచేస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య 'అబ్బాయికి ఉద్యోగం ఉందండీ' అన్నట్టుంది. ఏ ఊళ్లో, ఎంత జీతం, ఇంకా ఉందా ఊడిందా అన్నవి మాత్రం మేమే కూపీ లాగాలి. సరే, లాగుతున్నాం.

విండోస్ 10 దాకా 64-బిట్‌తో పాటు పాత 32-బిట్ రకం కూడా దొరికేది. పాత స్కానర్లని దాని మీద నెట్టుకొచ్చిన ఆఫీసులూ జిరాక్స్ షాపులూ బోలెడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు. 64-బిట్ విండోస్ 32-బిట్ ప్రోగ్రాముల్ని రానిస్తుంది గానీ తన గర్భగుడి లాంటి కెర్నెల్‌లోకి 32-బిట్ డ్రైవర్‌ని (విండోస్‌కీ పరికరానికీ మధ్య దుబాసీని) గడప తొక్కనివ్వదు. అందుకే సీడీలోని స్కానింగ్ సాఫ్ట్‌వేర్ బుద్ధిగా ఇన్‌స్టాల్ అయి, ఐకాన్ డెస్క్‌టాప్ మీదికి వచ్చి, తీరా నొక్కితే 'స్కానర్ కనబడలేదు' అంటుంది. జనం వెళ్లి కొత్త కేబుల్ కొంటారు. కేబుల్ పాపం ఏం చేసింది?

తమరు నోరు విప్పకపోయినా డివైస్ మేనేజర్ విప్పుతుంది. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే వచ్చే మెనూలో ఉంటుందది. పసుపు గుర్తున్న పరికరం మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ నంబరు కనిపిస్తుంది. 28 అంటే డ్రైవరే లేదు. 52 అంటే డ్రైవరుంది, దాని డిజిటల్ సంతకాన్ని (ఫలానా వాళ్లే చేశారనే ముద్రని) విండోస్ నమ్మడం లేదు. పక్కనే డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే అసలు జాతకం దొరుకుతుంది. వీఐడీ, అంటే కంపెనీ నంబరు, తర్వాత 04ఏ9 ఉంటే కానన్, 04బీ8 ఉంటే ఎప్సన్, 03ఎఫ్0 ఉంటే హెచ్‌పీ. పీఐడీ మోడల్ నంబరు; 04ఏ9 పక్కన 1909 ఉంటే అది కానన్ లైడ్ 110. మూత మీద పేరు అరిగిపోయిన సెకండ్‌హ్యాండ్ స్కానర్‌కి ఇంతకంటే గట్టి గుర్తింపు కార్డు లేదు.

ఇప్పుడు తమరి పెద్ద రహస్యం ఒకటి బయటపెడతాం. కంపెనీ సైట్‌లో విండోస్ 11 అని ఎంచుకుంటే 'డ్రైవర్లు లేవు' అని వస్తుంది. అక్కడితో స్కానర్ పాత ఇనుప సామానుకి పోతోంది. కానీ చాలా యూఎస్‌బీ స్కానర్లకి కెర్నెల్‌లో పనిచేసేది విండోస్‌తో వచ్చే యూఎస్‌బీస్కాన్ అనే ఫైలే. కంపెనీ ఇచ్చేది దాని పైన కూర్చునే డీఎల్ఎల్‌లు, అంటే ప్రోగ్రాములు అవసరానికి ఎత్తుకునే సహాయక ఫైళ్లు. అందుకని సైట్‌లో విండోస్ 7 64-బిట్ అని మార్చి చూడాలి. విస్టా 64-బిట్ నాటి డ్రైవర్‌తో ఇవాళ్టికీ నడిచే స్కానర్లున్నాయి. ఇన్‌స్టాలర్ 'మీ విండోస్ నాకు తెలీదు' అని మొండికేస్తే 7-జిప్ అనే మూటలు విప్పే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని విప్పి, లోపలున్న ఐఎన్ఎఫ్ ఫైలుని (డ్రైవర్‌ని ఎలా ఎక్కించాలో రాసి ఉండే చీటీని) నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఎన్‌టీఏఎండీ64' (NTamd64) అనే ఇంగ్లీషు ముక్క కోసం వెతకాలి. ఉంటే ఆశ ఉంది: డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, లెట్ మీ పిక్, హ్యావ్ డిస్క్ దాకా వెళ్లి ఆ ఐఎన్ఎఫ్‌ని చూపించడమే. లేకపోతే అది 64-బిట్ విండోస్ కోసం రాసిన డ్రైవర్ కాదు, రాత్రంతా కూర్చున్నా ఎక్కదు. ఆ ముక్కని మనమే టైప్ చేసి చేర్చేద్దామనే తెలివి వద్దు. ఐఎన్ఎఫ్‌లో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు, లోపల 64-బిట్ డీఎల్ఎల్ లేనప్పుడు చేర్చినా దండగే.

సంతకం గొడవకి వీడియోల వాళ్లు చెప్పే మందు: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, ఆపైన 7 నొక్కడం. అది సంతకం తనిఖీని ఆపేది ఆ ఒక్క బూటుకే. ప్యాకేజీలో సంతకం లేని కెర్నెల్ ఫైలుంటే మళ్లీ ఆన్ చేసేసరికి కథ మొదటికొస్తుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణని కూడా ఆపేయమంటారు కొందరు. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో ఓ స్కానర్ కోసం ఆ తాళం తియ్యడం మాకైతే సమ్మతం కాదు.

డ్రైవర్ ఎక్కినా తమరి లీలలు ఆగవు. స్కానర్ ప్రోగ్రాములతో ట్వెయిన్ అనే భాషలో మాట్లాడుతుంది, అదీ 32-బిట్ ట్వెయిన్. 64-బిట్ ఫొటోషాప్‌కి అది వినబడదు. 64-బిట్ ప్రోగ్రాము నేరుగా 32-బిట్ డీఎల్ఎల్‌ని ఎత్తుకోలేదు మరి. ఉచితంగా దొరికే నాప్స్2 అనే స్కానింగ్ ప్రోగ్రాము లోపల వేరే 32-బిట్ సహాయకుణ్ణి పెట్టుకుని ఈ పని చక్కబెడుతుంది. దాని ఓసీఆర్‌కి (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని చదివే పనికి) తెలుగు కూడా దించుకోవచ్చు. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకి) తగ్గితే వొత్తులు ముద్దయిపోతాయి, జాగ్రత్త. (తమరి పక్కనే మెరిసే 9600 డీపీఐ స్టిక్కరు గారు సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఊహించి అల్లిన చుక్కలతో కలిపి చెబుతారు. చూడాల్సింది ఆప్టికల్ అంకె, అంటే స్కానర్ నిజంగా చూసే చుక్కలు.)

కొత్తగా ఏఆర్ఎం రకం చిప్‌తో నడిచే స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. వాటి మీదా విండోస్ 11 అనే ఉంటుంది, వాటికీ తమరు తలూపుతారు. మామూలు ప్రోగ్రాముల్ని అవి అనుకరించి నడిపిస్తాయి, డ్రైవర్లని నడపలేవు. ఏఆర్ఎం64 డ్రైవర్ విడిగా ఉండాలి. పాత ఫ్లాట్‌బెడ్‌కి (మూత ఎత్తి అద్దం మీద కాగితం పెట్టే స్కానర్‌కి) అది దొరకడం కల్ల.

కంపెనీ చెయ్యి వదిలేసిన స్కానర్‌కి రెండు ఆసరాలున్నాయి. డబ్బిచ్చి కొనే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ చాలా మోడళ్లతో తన సొంత డ్రైవర్‌తోనే మాట్లాడుతుంది. ముందు ట్రయల్‌లో ఒక పేజీ తీసి చూడండి, వాటర్‌మార్క్ పడినా స్కానర్ కదిలిందో లేదో తేలుతుంది. రెండోది లినక్స్ వాళ్ల స్కానింగ్ సాఫ్ట్‌వేర్ సేన్. ఏ స్కానర్ ఏ మేరకు పనిచేస్తుందో కంప్లీట్, గుడ్, బేసిక్, మినిమల్, అన్‌సపోర్టెడ్ అని అది దాపరికం లేకుండా పట్టిక వేసి పెట్టింది. తమరు ఒక్కసారి ఆ పట్టిక చదివితే సిగ్గుతో గమ్ము ఊడిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి, సేన్ మీద ఎయిర్‌సేన్ అనే ప్రోగ్రాము నడిపితే అదే పాత స్కానర్ వైఫైలో ఈఎస్‌సీఎల్ (కంపెనీ డ్రైవర్ లేకుండానే నెట్‌వర్క్‌లో స్కాన్ చేసే పద్ధతి) స్కానర్‌లా కనబడుతుంది. ఇక విండోస్ వైపు డ్రైవర్ గోలే ఉండదు.

కొత్తది కొనేవాళ్లూ అడగాల్సింది ఈ ఈఎస్‌సీఎల్ గురించే. ఆపిల్ వాళ్లు ఎయిర్‌స్కాన్ అనేదీ, ప్రింటర్ కంపెనీల కూటమి మోప్రియా గుర్తు వెనకున్నదీ ఇదే. విండోస్ 11కి ఇది పుట్టుకతోనే వచ్చు. పరీక్ష షాపులోనే చెయ్యొచ్చు: ఆండ్రాయిడ్ ఫోన్‌లో మోప్రియా స్కాన్ యాప్ వేసుకుని, అదే వైఫైలో ఉన్న యంత్రం కనబడి ఒక పేజీ స్కాన్ చేస్తే దానికి ఏ కంపెనీ డ్రైవరూ అక్కర్లేదన్నమాట. యూఎస్‌బీ మాత్రమే ఉన్న పల్చటి ఫ్లాట్‌బెడ్‌లు మామూలుగా ఈ పరీక్షకి రావు. వాటికి 64-బిట్ డ్రైవర్ సైట్‌లో కళ్లారా చూశాకే డబ్బివ్వాలి.

ఇంకో మాట. తమరి పక్కన 'ఏ4' అని కూడా ఉంటుంది. మన దస్తావేజులు చాలావరకు లీగల్ సైజు, 356 మిల్లీమీటర్ల పొడవు. ఏ4 అద్దం 297 దగ్గర ఆగిపోతుంది. మిగిలిన 59 మిల్లీమీటర్లలోనే సంతకాలూ వేలిముద్రలూ ఉంటాయి. పొలం కాగితాలు స్కాన్ చేసేవాళ్లు పైనుంచి కాగితం లాక్కునే ఫీడరున్నదీ, లీగల్ దాకా పట్టేదీ చూసుకోవాలి. చిరిగిన పాత కాగితాన్ని మాత్రం ఫీడర్‌లో పెట్టొద్దు.

ఇకనుంచి తమరి మీద నాలుగు వివరాలు అచ్చు వేయించుకోండి: 64-బిట్ డ్రైవర్ ఉందా, ఏఆర్ఎం64 ఉందా, వియా (విండోస్ సొంత స్కానింగ్ భాష), ట్వెయిన్‌లలో ఏది, ఈఎస్‌సీఎల్ ఉందా. చోటు చాలకపోతే ఆ నవ్వుతున్న కుటుంబం బొమ్మ తీసేయండి.

ఇట్లు,
అట్టపెట్టె చదివి మోసపోకూడదనుకునే కొనుగోలుదారులు

తా.క.: చాలా పాత ఫ్లాట్‌బెడ్‌లకి అడుగున తాళం బొమ్మతో ఓ మీట ఉంటుంది, రవాణాలో లోపలి భాగం కదలకుండా. అది వేసి ఉంటే మోటారు గరగరమని ఆగిపోయి, ఎర్రర్ వస్తుంది. ఆ కేసులో విండోస్ 11 నిర్దోషి, తమరూ నిర్దోషే. పైన చెప్పినదంతా చేసే ముందు స్కానర్‌ని ఓసారి ఎత్తి అడుగు చూడాలి.